మంచి చెవి వైపు

ఇంటి నుంచి, కుట్టు గదిలో కూర్చుని

ఒరేయ్ తమ్ముడూ,

నిన్ను చూడ్డానికి మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ నువ్వు రానన్నావని చెప్పి గేటు దగ్గర నుంచే పంపించేశారు. మూడోసారి ఆ గేటు వార్డరుకే జాలేసి కుర్చీ వేశాడు. ఊరికే కూర్చోలేక ఆయన చొక్కాకి వేలాడుతున్న గుండీ కుట్టిచ్చి వచ్చాను. తోడబుట్టినవాడి ముఖం చూద్దామని వెళ్ళి ఎవరివో గుండీలు కుట్టే రాత నాది. రెండేళ్ళయింది, ఇంకా ఏడు నెలలుంది. ముఖం చూపించకపోతే మానెయ్, ఉత్తరానికైనా జవాబు రాయి. మధ్యలో ఇది విప్పి చదివే ఆఫీసరు గారికి నమస్కారం. మావాడు తిరిగి రాస్తే ఆ కోడిగీతలు చూసి కోప్పడకండి, చిన్నప్పటి నుంచీ అంతే.

ఒక కబురు. నేను ఇంట్లో పాటలు రికార్డు చేస్తున్నాను. నవ్వకు. గోడలోని బట్టల అలమారా ఉంది కదా, అందులో అరలు పీకేసి, లోపల మూడు వైపులా బొంతలు మేకులు కొట్టి వేలాడదీశాను. ముందు లైనింగు గుడ్డ తాను ఒకటి పరదాలా. అందులో స్టూలు వేసుకుని కూర్చుంటే నా ఊపిరి నాకే వినిపిస్తుంది. పది నిమిషాలకి చెమటతో తడిసి ముద్దవుతాను. మధ్యాహ్నం రెండింటికి వీధి సద్దుమణుగుతుంది. అప్పుడు మిషను ఆపి, ఫ్యాను ఆపి, అమ్మని దగ్గొద్దని బతిమాలి, లోపలికి దూరతాను. అమ్మ పాపం పాట అయ్యేదాకా బిగబట్టుకుని, అవగానే పది దగ్గులు ఒకేసారి దగ్గుతుంది. బిగబట్టలేక మధ్యలో దగ్గినవి అలాగే ఉంచేస్తున్నాను. ఇంట్లో పాట ఇంట్లో పాటలాగే ఉండాలి కదా.

మైకు పాతదే. పోయిన నెల దాని తీగ తెగింది. అతుకు వేసి, టేపు కింద దారం గట్టిగా చుట్టించాను. ఇప్పుడు గుర్రుమనడం లేదు. నాలుగు పాటలయ్యాయి. మాటలూ నావే, వరసలూ నావే. నీలా వంద టేకులు తియ్యను. రెండు, మహా అయితే మూడు.

జవాబు రాయి. లేకపోతే మళ్ళీ వచ్చి ఈసారి జైలు వాళ్ళందరి గుండీలూ కుట్టి కూర్చుంటాను.

అక్క

•

జైలు, మూడో వరస గదులు

అక్కా,

నువ్వు రావద్దు. నా ముఖం చూసేటట్టు లేదు. పై పెదవికి నాలుగు కుట్లు పడ్డాయి. నీళ్ళ దగ్గర బకెట్టు కోసం ఒకడు నన్ను తోశాడు. నేను వాడి జుట్టు పట్టుకుని మూతిని కుళాయికేసి కొట్టాను. పళ్ళు రెండు సిమెంటు మీద పడ్డాయి. వాడి మనిషి ఒకడు వెనక నుంచి వచ్చి అదే బకెట్టుతో నా మూతి పగలగొట్టాడు. తర్వాత వార్డర్లు వచ్చి ఇద్దర్నీ, ముగ్గుర్నీ, చూస్తూ నిలబడినవాళ్ళనీ కలిపి లాఠీలతో వాయించారు. ఇక్కడ ముందు చెయ్యి లేస్తుంది, పేరు తర్వాత అడుగుతారు. నాకేం ఇబ్బంది లేదు. మన ఇంట్లో పెరిగినవాడికి ఇదేం కొత్త?

పాటల సంగతి. మైకుని నోటికి ఎదురుగా పెట్టకు. జానెడు దూరం, కాస్త పక్కకి. లేకపోతే "ప" వచ్చిన ప్రతిచోటా బాంబు పేలినట్టుంటుంది. బొంతలు గోడకి అంటుకుని ఉండకూడదు, నాలుగు వేళ్ళు ఎడం ఉండాలి. దగ్గు ఉంచెయ్యడం ఏమిటి? బుద్ధుందా? పాట అంటే పాటే ఉండాలి. నేను తలుపు పాటకి నలభై మూడు టేకులు తీశాను, ఒక్కటీ నచ్చలేదు. అదీ పద్ధతి. మూడు టేకులకి తేలిపోయేది పాట కాదు, తుమ్ము.

రెండు ప్రశ్నలు. నా గిటారు ముట్టుకోలేదు కదా? తీగకి అతుకు ఎవరు వేశారు?

తమ్ముడు

•

ఇంటి నుంచి

తమ్ముడూ,

నీ పెదవి గురించి విని అమ్మ అన్నం మానేసింది. ఆవిడకి పళ్ళ సంగతి చదవలేదు, పెదవి వరకే చదివాను. నువ్వు మాత్రం అదేదో ఘనకార్యం అయినట్టు రాశావు.

మైకు పక్కకి జరిపాను. నిజమే, బాంబులు తగ్గాయి. విసుక్కుంటూనైనా నేర్పుతావు, అది మాత్రం ఒప్పుకోవాలి. నీ గిటారు సంచీలోనే ఉంది, దాని మీద దుమ్ము వేలెడు మందం. అతుకు వేసింది వీధి చివర రేడియోలు బాగుచేసే ముసలాయన. చాలా?

కొత్త పాట ఒకటి గ్యాసు పొయ్యి గురించి రాశాను. అంటుకోనని మొరాయించే పొయ్యి. అమ్మకి తెగ నచ్చింది, వంట చేస్తూ పాడుకుంటోంది. తలుపు పాట మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోకపోయినా అది పొద్దస్తమానం చెవిలోనే ఉంటుంది.

తలుపా తలుపా ఊగకే
తన్నులకు నువ్వు తూలకే
నీ వెనక ముగ్గురున్నారే
నీ గడియ మీదే బతికున్నారే

ఆ వరసకి తాళం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికైనా చెబితే నమ్మరు. నాన్న బెల్టు తియ్యగానే అమ్మ మనల్ని ఈ కుట్టు గదిలోకి తోసి, బయట గడియ పెట్టి, తను బయటే నిలబడేది. రెండు గుద్దులు, ఆగి ఒక తన్ను. రెండు గుద్దులు, ఆగి ఒక తన్ను. ఆ తన్ను తలుపు మీద పడిందో అమ్మ మీద పడిందో చప్పుడుని బట్టి చెప్పేవాళ్ళం. తలుపు అయితే డబ్బుమనేది. అమ్మ అయితే చప్పుడే ఉండేది కాదు. మనం చెవులపిల్లి అని పేరు పెట్టిన పక్కింటి కుర్రాడు మనతో ఆడుకోవడానికి వచ్చి మనతోపాటు ఇరుక్కుపోయేవాడు. పెద్ద చెవులు రెండూ చేతులతో మూసుకుని మనిద్దరి మధ్య కూర్చునేవాడు. పాటలో ముగ్గురంటే మన ముగ్గురమే కదరా.

అందుకే అడుగుతున్నాను. ఆ రోజు వాడి షాపులో వాణ్ణి అలా కొట్టినందుకు నీకు ఎప్పుడైనా, పోనీ ఒక్క పూటైనా, అన్నం సహించకుండా పోయిందా? వాడికి ఎడమ చెవి ఇక వినపడదన్నారు డాక్టర్లు. వైండింగు షాపులో తీగ చుట్టిన మోటారు తిప్పి చూసినప్పుడు చప్పుడు సరిగా ఉందో లేదో వినడానికి మెడ తిప్పి కుడి చెవి ఆనిస్తున్నాడట. వీధిలో చెప్పుకుంటున్నారు.

అక్క

•

జైలు నుంచి. ఇది తెచ్చినవాడు మా వంటశాలలో పనిచేసి విడుదలైనవాడు. ఆఫీసరు చూడని ఉత్తరం.

అక్కా,

వీధిలో చెప్పుకుంటున్నారా? నువ్వు చూసి వచ్చి వీధి మీదకి నెడుతున్నావా?

నన్ను వెర్రివాణ్ణి చెయ్యకు. టేపు కింద దారం చుట్టేవాడు ఈ లోకంలో ఒక్కడే. రేడియో ముసలాయన టేపు చుట్టి పారేస్తాడు. దారం చుట్టేది మోటార్లకి తీగ చుట్టేవాడు. చెవులపిల్లి మన ఇంటికి వస్తున్నాడు. నేను ఇక్కడ కుళాయి దగ్గర తన్నులు తింటుంటే వాడు నా మైకు బాగుచేసి, నా అక్క పాటలు రికార్డు చేసి, మా అమ్మ చేతి టీ తాగి పోతున్నాడు.

అన్నం సహించిందా అని అడిగావు కదా. చెబుతాను విను. ఆ రోజు వెల్డింగు షాపులో రేడియో మోగుతోంది. కొత్త గొంతుల కార్యక్రమం. నేను ముసుగు దించుకుని గేటు అతుకుతున్నాను. తలుపు పాట మొదలైంది. నా పాట. మొదట నా చెవుల్నే నమ్మలేదు. గొంతు చెవులపిల్లిది. గిటారు మాత్రం నాది. రెండో లైను చివర తీగల మీద వేళ్ళ పట్టు మార్చేటప్పుడు నాకు అర బీటు ఆలస్యమవుతుంది, పదేళ్ళుగా దిద్దుకోలేకపోయాను. ఆ అర బీటు అక్కడ ఉంది. నా చెయ్యి నాకు తెలీదా? నేను పారేసిన టేకులు నా పెట్టెలో నుంచి దొంగిలించి, వాటి మీద వాడి గొంతు పెట్టుకున్నాడు. పాట అయ్యాక రేడియో ఆవిడ, రాసిందీ కట్టిందీ వాయించిందీ పాడిందీ అన్నీ వీరే అని వాడొక్కడి పేరే చదివింది.

అతుకు మీది చిట్టెం కొట్టే చిప్పింగు సుత్తి చేతిలోనే ఉంది. అలాగే నడుచుకుంటూ వెళ్ళాను. వాడు నన్ను చూసి నవ్వాడు, పాట విన్నావా అన్నాడు. మొదటి దెబ్బ భుజం మీద. బల్ల కిందికి దూరాడు, కాలు పట్టుకుని బయటికి లాగాను. "ఎవడు వాయించాడురా? చెప్పు, ఎవడు వాయించాడు?" అని అడిగి అడిగి కొట్టాను. ఒక్కమాట చెప్పలేదు. చెప్పలేదని ఇంకా కొట్టాను. చివరి దెబ్బకి ఎడమ చెవిలోంచి రక్తం రాగి తీగల మీద పడింది. పచ్చికుండ పగిలిన చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది, విని నిద్రపోతాను. కోర్టులో జడ్జి ఎందుకు కొట్టాడని అడిగితే "తెలీదండీ" అన్నాడు చూడు, దొంగవెధవ, ఆ రోజే అనుకున్నాను పని సగమే అయిందని.

ఇంకా రెండు నెలలు. వాడికి ఇంకో చెవి మిగిలి ఉంది. బయటికి రాగానే ముందు ఆ షాపుకే వెళ్తాను, తర్వాతే ఇంటికి. వాడికి చెప్పి పెట్టు. చెప్పకపోయినా ఫరవాలేదు.

తమ్ముడు

•

ఇంటి నుంచి

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడు రోజులు దిండు గలీబులో దాచాను. ఈ రోజు తీసి మళ్ళీ చదివి, మిషను మీద గుడ్డ కప్పి, ఇది రాస్తున్నాను. ఆఫీసరు గారూ, మీరు కూడా చదవండి. దాచేది అయిపోయింది.

గిటారు వాయించింది నేను.

నువ్వు వెల్డింగుకి వెళ్ళాక రోజూ మధ్యాహ్నం సంచీలోంచి తీసి నేర్చుకున్నాను. నువ్వు వచ్చేలోపు తీగలకి చెమట తుడిచి, నువ్వు పెట్టినట్టే జిప్పు సగానికి వేసి పెట్టేదాన్ని. నాలుగేళ్ళు. పాట మూడేళ్ళుగా నీ పెట్టెలో మగ్గిపోతోంది. మాటలు నావి, తన్నులు మన ముగ్గురివి, నువ్వు మాత్రం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మైకు బాగాలేదు, గది బాగాలేదు, అమ్మ దగ్గింది అని టేకుల మీద టేకులు పారేశావు. ఆ పాట ఒక్కసారైనా ఎవరో ఒకరు వినాలని నాకు పిచ్చిపట్టింది. చెవులపిల్లిని అడిగాను. వద్దు, వాడికి చెప్పి చేద్దాం అన్నాడు. చెప్తే చంపుతాడు అన్నాను. అలమారాలో నేను, బయట వాడు, రెండు టేకుల్లో అయిపోయింది. నీ పెట్టె జోలికి ఎవరూ పోలేదు. రేడియోకి పంపేటప్పుడు నా పేరు రాయొద్దని ఒట్టు వేయించుకున్నాను. అన్నీ వాడి పేరు మీదే రాయించాను. వాడు ఊరికే సంతకం పెట్టాడు.

ఇప్పుడు అర బీటు సంగతి. నీకు అక్కడ ఎందుకు ఆలస్యమవుతుందో నాకు తెలీదు. నాకు ఎందుకు అవుతుందో నీకు తెలుసు. నీకు పదహారేళ్ళు, గిటారు కొత్త. ఎలా ఉంటుందో చూద్దామని తీగ మీటాను. నువ్వు వెనక నుంచి వచ్చి నా ఎడమ చేతి ఉంగరం వేలు పట్టుకుని వెనక్కి విరిచావు. కర్ర విరిగినట్టు టప్పుమంది. మిషన్లో పడిందని అందరికీ చెప్పాం, అమ్మా నేనూ. అది ఈ రోజుకీ సరిగా ముడవదు. పట్టు మార్చినప్పుడల్లా ఆ వేలు చివరగా వచ్చి ఆనుతుంది. నువ్వు రేడియోలో విన్నది నీ చెయ్యి కాదు.

నువ్వు సుత్తి పట్టుకుని "ఎవడు వాయించాడు" అని అడిగినప్పుడు వాడు ఒక్క మాట చెబితే చాలు, వదిలేసి ఇటు వచ్చేవాడివి. అందుకే చెప్పలేదు. కోర్టులో కూడా అందుకే తెలీదన్నాడు. నేను వెనక బల్ల మీద తేలు కుట్టిన దొంగలా కూర్చుని విన్నాను. నోరు తెరవలేదు. భయం. నీకు పడాల్సిన శిక్ష తగ్గుతుందేమో, వాడు చెప్పినదానికి విరుద్ధం అవుతుందేమో అని ఏవేవో చెప్పుకున్నాను కానీ ఉన్నది ఒక్క భయమే. వాడి చెవి పోయింది నీ చేత్తో, నా నోటితో.

వాడు మన ఇంటికి వస్తున్న మాట నిజం. టీ తాగుతున్న మాట నిజం. ఒంటి చెవితో విని, ఇక్కడ గొంతు తగ్గించు, అక్కడ పెంచు అని చెబుతున్నాడు. నీ గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు. అంటే బాగుండును అనిపిస్తుంది నాకు.

అక్క

•

జైలు, ఒంటరి గది. ఇదీ ఆఫీసరు చూడని ఉత్తరమే.

అబద్ధం.

వాణ్ణి కాపాడ్డానికి అల్లావు. నీకు గిటారు పట్టుకోవడమే రాదు. నా చెయ్యి నాకు తెలుసు.

నీ ఉత్తరం చదివాక ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. గోడని గుద్దానట. పిడికిలి తోలు ఊడేదాకా గుద్దానట. ఆపబోయిన వార్డరుని మోచేత్తో పొడిచాను, వాళ్ళు నలుగురు కలిసి నన్ను పక్కటెముకల మీద తన్నారు. ఊపిరి పీలిస్తే సూదితో కుట్టినట్టుంది. అయిదు వారాలు మిగిలాయి, అందులో రెండు ఇక్కడే.

ఇక్కడ ఇనుప తలుపు. పక్క గదిలో ఒకడు పగలూ రాత్రీ తన తలుపు తంతూ ఉంటాడు. రెండు గుద్దులు, ఒక తన్ను. వాడెవడో నాకు తెలీదు. ఆపరా అని అరిస్తే ఇంకా తంతాడు.

నువ్వు చెప్పింది అబద్ధమైతే వాడు అయిపోయాడు. నిజమైతే ఇద్దరూ అయిపోయారు. అలమారాలో నువ్వూ బయట వాడూ, నా వెనక, నా పాట. ఏదో ఒకటి నేనే వచ్చి తేల్చుకుంటాను. అంతవరకూ రాయకు.

•

ఇంటి నుంచి

తమ్ముడికి,

రాయకు అన్నావు. రాస్తాను. ఇదే ఆఖరు.

నీ ఉత్తరాలన్నీ ఈసారి మొత్తం అమ్మకి చదివి వినిపించాను. పళ్ళూ, సుత్తీ, పచ్చికుండా, అన్నీ. ఇన్నాళ్ళూ ఆవిడ దగ్గర దాచి నేనేదో ఉద్ధరించాననుకున్నాను. ఆవిడ అంతా వింది. తర్వాత, "వాడొస్తే నేను మళ్ళీ గడియ పెట్టి బయట నిలబడాలా?" అని అడిగింది. కోపంగా కాదు. బియ్యం నానబెట్టాలా అని అడిగినట్టు అడిగింది. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన పోయిన రోజు మనం ఏడవలేదు, గుర్తుందా? చెవులపిల్లి ఒక్కడే ఏడ్చాడు, ఎందుకు ఏడుస్తున్నావురా అంటే అలవాటు తప్పిపోయింది అన్నాడు, ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన పోయాడనే అనుకున్నాను. పోలేదు. ఒరేయ్, పక్క గదిలోవాడు తలుపు తంతుంటే నీకు నిద్ర పట్టడం లేదు కదా. వాడు నాన్న అనుకున్నావు. మాకు నువ్వు.

వాయించడం రాదన్నావు. పోయిన ఆదివారం తలుపు పాట మళ్ళీ రికార్డు చేశాం. ఈసారి పాడింది కూడా నేనే. చెవులపిల్లి ఇప్పుడు పాడటం లేదు. ఒక చెవి పోయాక శృతి నిలవడం లేదని సిగ్గు. నా వేలు ఎప్పటిలా ఆలస్యంగానే ఆనింది. అమ్మ దగ్గు మూడు చోట్ల ఉంది. ఉంచాను.

పై మంగళవారం నీ విడుదల అని గేటు వార్డరు చెప్పాడు, ఈ ఉత్తరం కూడా ఆయనే చేతికిస్తానన్నాడు. ఇంటి తలుపు తెరిచే ఉంటుంది. నేను మిషను దగ్గరే ఉంటాను. మైకు ఆన్ చేసి ఉంటుంది, పొద్దున్నుంచి. నువ్వు లోపలికొచ్చి ఏం చేసినా, ఏం అన్నా, అందులో పడుతుంది. నేను అరిచినా పడుతుంది. ఎన్ని టేకులు కావాలంటే అన్ని తీసుకో.

చెవులపిల్లిని ఊరొదిలి పొమ్మన్నాను. పోనన్నాడు. మూడు మోటార్లు చుట్టాల్సినవి ఉన్నాయట. కాబట్టి నీకు కావలసింది నేనే చెబుతాను. షాపు పాత చోటే. బల్ల పాత చోటే. రోడ్డు మలుపు వైపు నుంచి వస్తే వాడి ఎడమ పక్కకి వస్తావు. అటు నుంచి పిలిచినా, నడిచినా, సుత్తి కింద పడేసినా వాడికి వినపడదు. మీద చెయ్యి పడేదాకా నువ్వు వచ్చినట్టే తెలీదు. అంత తేలిక చేసి పెట్టావు నువ్వే. ఇక నీ ఇష్టం.

అక్క

•

బస్టాండు ఎదురు లాడ్జి, పై అంతస్తు గది

అక్కా,

మంగళవారం పొద్దంతా నువ్వు మైకు ఆన్ చేసి కూర్చుని ఉంటావు. అందులో ఏమీ పడలేదు. ఇది చదివి మైకు ఆపెయ్.

గేటు బయటికి రాగానే నేరుగా మా వెల్డింగు షాపుకి వెళ్ళాను. పాత మేస్త్రి నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. బల్ల మీది చిప్పింగు సుత్తి తీసుకున్నాను, అడ్డు చెప్పలేదు. చొక్కా కింద పెట్టుకుని రోడ్డు మలుపు వైపు నుంచే వెళ్ళాను. నువ్వు చెప్పినట్టే.

వాడు బల్ల ముందు కూర్చుని మోటారుకి తీగ చుడుతున్నాడు. ఎడమ పక్క నాకు రెండడుగుల దూరంలో ఉంది. చెవి వెనక కుట్ల గుర్తు పెద్దది, జుట్టు అక్కడ మొలవలేదు. కోర్టులో కట్టు ఉండేది, అందుకే ఇన్నాళ్ళూ చూడలేదు. పిలిచాను. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. పక్క షాపువాడు బయటికొచ్చి నన్ను చూసి మళ్ళీ లోపలికి పోయి షట్టరు సగం దించాడు. చెవులపిల్లి మాత్రం తిరగలేదు. సుత్తి బయటికి తీశాను. చెయ్యి లేచింది కూడా. అబద్ధం చెప్పను, లేచింది.

అప్పుడు వాడు పాడుకుంటున్నాడని తెలిసింది. తీగ చుట్లు వేస్తూ, లోగొంతుకతో, తలుపు పాట. శృతి ఘోరంగా తప్పుతోంది. ఇదివరకు కాస్త తప్పితే వాడి నెత్తిన మొట్టేవాణ్ణి. ఆ మొట్టబుద్ధి ఇప్పుడూ పుట్టింది, చూడు నా సంగతి. రెండో లైను చివరికి వచ్చాడు. అక్కడ ఆగాడు. చుడుతున్న చెయ్యి కూడా ఆపి, అర బీటు ఆగి, తర్వాత అందుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి పాడాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. నేనెప్పుడు వాయించినా నా ఆలస్యం కోసం వాడు ఆగేవాడు కాదు, దాటి వెళ్ళిపోయి నన్ను వెక్కిరించేవాడు. నా కోసం ఆగే మనిషి కాదు వాడు. నీ వేలు వచ్చి ఆనేదాకా ఆగుతున్నాడు.

చెయ్యి దించాను. నువ్వు చెప్పింది నిజం.

బల్ల చుట్టూ తిరిగి వాడి కుడి పక్కకి వెళ్ళాను. మంచి చెవి వైపు. వినపడేలా వెళ్ళాలని కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచాను. తల తిప్పాడు. నన్ను చూశాడు. కేక వెయ్యలేదు, లేచి పరిగెత్తలేదు. తీగ వదిలేసి కుడి చేత్తో కుడి చెవి మూసుకున్నాడు. చిన్నప్పుడు మనిద్దరి మధ్య కూర్చుని మూసుకున్నట్టే. కళ్ళు కూడా గట్టిగా మూసుకున్నాడు.

సుత్తి నేల మీద పెట్టి కాలితో దూరంగా తోశాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. అన్నీ చెప్పాను, అక్కా. తప్పు నాదనీ, నాకు తెలీదనీ, తెలిసినా తెలియకపోయినా అలా కొట్టకూడదనీ, ఏడుస్తూ ఏదేదో చెప్పాను. వాడు ఒక్క ముక్క వినలేదు. వినాలంటే ఆ చెయ్యి తియ్యాలి. తియ్యలేదు. కాసేపటికి లేచి వచ్చేశాను. మలుపు తిరుగుతూ వెనక్కి చూశాను. అప్పటికీ తియ్యలేదు.

నేను ఇంటికి రావడం లేదు. వస్తే ఏం చేస్తానో నాకే నమ్మకం లేదు, నిన్న లేచిన చెయ్యి రేపు మళ్ళీ లేస్తుంది. దూరంగా ఎక్కడో ఓడలకి వెల్డింగు పని ఉందట, ఇంకో గంటలో బస్సు. గిటారు నువ్వే ఉంచుకో. జిప్పు పూర్తిగా వేసి పెట్టు, తేమ తగిలితే చెక్క ఉబ్బుతుంది. పాట రేడియోకి పంపు. ఈసారి పేర్లు అన్నీ రాయి, నాది వద్దు.

తలుపు గడియ వేసుకోండి. ఈసారి అమ్మని కూడా లోపలే ఉండమను.

తమ్ముడు